తెల్ల చుక్క సిరిల్‌ది, ఎర్ర సున్నా నాది

ఏప్రిల్ 20, సోమవారం

ఇవాళ్టి నుంచి సిరిల్‌తో మాట్లాడను. ఈ సంగతి ఎక్కడైనా రాసిపెట్టుకోకపోతే మరిచిపోయి పలకరించేస్తానేమోనని భయం. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు మరి. అందుకే ఈ పుస్తకం. రంపపు మిల్లులో దుంగల కొలతలు రాసే పుస్తకం ఇది. నేను పని మానేసిన రోజున ఒకటి నా సంచిలో పడి ఇంటికొచ్చింది. ఎలా పడిందో నాకు తెలియదు.

నిన్న కొండ సంఘం వార్షిక సమావేశం. సిరిల్ లేచి నిలబడి ఏమన్నాడో రాయను. అక్కడున్న నలభై మందీ విన్నారు, చాలు.

ఏప్రిల్ 21

మాట్లాడలేదు.

ఏప్రిల్ 23, గురువారం

మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. ముందు మానేసింది తనేనని చెప్పుకుంటాడేమోనని ఒక అనుమానం. రొట్టెల కొట్టు ముందు ఎదురుపడితే టోపీ ముట్టుకున్నాను. అది వాడికి కాదు, వాడి వెనకున్న చర్చికి.

ఏప్రిల్ 26, ఆదివారం

సిరిల్ మా ఆవిడకి తమ్ముడు కావడం ఈ వ్యవహారంలో పెద్ద చిక్కు. వాడు పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం భోజనం మాత్రం మా ఇంట్లోనే చేస్తాడు. నేను అలిగినంత మాత్రాన ఆదివారాలు రాకుండా పోతాయా?

వచ్చాడు. కూర్చున్నాడు. నేను కిటికీలోంచి కోళ్ళను చూశాను.

"జోఫ్కా, మీ తమ్ముడికి క్యాబేజీ కావాలేమో, అటు జరుపు," అన్నాను.

"అక్కా, చేతులు నాకూ ఉన్నాయని బావకి చెప్పు," అన్నాడు.

"నోళ్ళు కూడా ఇద్దరికీ ఉన్నాయిగా! నేనేమన్నా తపాలా బంట్రోతునా?" అంది జోఫ్కా. అని కూడా మోసింది పాపం, భోజనం అయ్యేదాకా.

మాట దారి మీదకి వచ్చింది. ఫిబ్రవరిలో దిగిన మంచుచరియ, కొండ గోడకి అతుక్కుని ఉండే పిల్లి అరుగు అనే ఇరుకు రాతి అంచు కింద, మూడు వందల అడుగుల దారిని చెట్లతో సహా ఊడ్చుకుపోయింది. ఇప్పుడక్కడ కొత్త దారి వేసి గుర్తులు పెట్టాలి. దేశం తూర్పు కొస నుంచి సముద్రం దాకా కొండల మీదుగా పోయే పెద్దదారిలో ఆ ముక్క మా ఇద్దరిదీ. సిరిల్ ఏమంటాడంటే, ఎడమకి తిరిగి పొట్టి దేవదారు పొదల్లోంచి ఎక్కి, పాత పద్ధతిలోనే పిల్లి అరుగు మీదుగా, కొండ మీద ఫనీక నడిపే బసకి చేరాలంటాడు. నేను కుడికి తిరిగి పొట్టేలు గట్టు మీదుగా పోదామంటాను. గంటన్నర ఎక్కువ. ఎక్కువైతే ఏం? నడవడానికేగా వచ్చింది! గట్టు మీద పూలున్నాయి, ఊట ఉంది. ఆకాశం బాగుంటే సముద్రం కనిపిస్తుంది.

"సముద్రాన్ని ఎవరు చూశారో అడుగక్కా."

"బిషప్ గారు చూశారని చెప్పు. అరవై ఎనిమిదిలో."

"బిషప్ గారికి కళ్ళజోడు లేకపోతే చెంచా కనిపించేది కాదు. అసలు కారణం చెప్పమను బావని."

"అసలు కారణం ఊట అని చెప్పు."

"ఆ ఊటలో నీళ్ళు జూలైలో కప్పకి కూడా చాలవని చెప్పు."

జోఫ్కా ఆ ముక్క నాకు చెప్పకుండానే లేచి గిన్నెలు తీసేసింది.

ఏప్రిల్ 30

వాన. కుంచెలు కడిగాను. కడిగిన కుంచెల్నే మళ్ళీ కడిగాను.

ఎర్ర సున్నా గీయడం చూసేవాడికి తేలిక. తెల్ల చుక్క ఎవడైనా పెడతాడు. రాతి మీది నాచుని తీగబ్రష్షుతో గీకి, కుంచె అద్ది తిప్పితే అరచేతిలో పట్టేంత చుక్క పడుతుంది. అది సిరిల్ పని. ఆరాక దాని చుట్టూ ఎర్ర సున్నా వేయాలి. అది నా పని. మొదటి రోజున చెరో డబ్బా పట్టుకున్నాం, అంతే, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మార్చుకోలేదు. సున్నాకి ఊపిరి బిగబట్టాలి. మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి తిప్పాలి. కింద మొదలుపెట్టి కిందే కలపాలి. మధ్యలో ఆగావంటే అక్కడ బొప్పి కడుతుంది. మా నాన్న కొండెక్కేవాణ్ణి చూస్తే నవ్వేవాడు. "మేక ఎక్కిందంటే గడ్డి కోసం, మరి వీడో?" అనేవాడు. ఆయనకి నేనొక సున్నా గీసి చూపించి ఉంటే బాగుండేది. చూసి, "ఇందులో ఏం వేసుకుంటారు?" అని అడిగేవాడు, అది వేరే సంగతి.

పెద్దదారి మొత్తం నడిచిన ఒక నర్సమ్మ ఫనీక బసలో ఉన్న రాకపోకల పుస్తకంలో రాసింది: 'ఈ లోయలో సున్నాలు కాఫీ కప్పు బోర్లించి గీసినట్టున్నాయి.' ఆ కాగితం పుస్తకంలోంచి ఎవరు చింపారో నాకు తెలియదు. ప్రస్తుతం నా దగ్గరుంది.

మే 3, ఆదివారం

దూడ మాంసం. మాటల్లేవు. ఉప్పు అడగాల్సి వస్తుందని ఇద్దరం చప్పగానే తిన్నాం.

మే 11, సోమవారం

పొద్దున ఆరింటికి సిరిల్ తెల్ల డబ్బా పట్టుకుని మా కంచె ముందు నుంచి పోయాడు. పోతూ దగ్గాడు. నేను తలుపు తీయలేదు. ఒకడు దగ్గితే ఇంకొకడు తలుపు తీయాలని ఎక్కడా లేదు. వాడు సోమవారం పోతే నేను గురువారం పోతాను. రంగు ఆరడానికి మూడు రోజులు ఎక్కువే, కానీ ఆరిన రంగు నన్నేమీ అడగదు.

మే 14, గురువారం

రోజంతా సిరిల్ చుక్కలతో గడిపాను. చుక్కలు బాగానే పెట్టాడు. పెట్టలేదని ఎవరన్నారు?

మా అత్తవారి పాత ఇల్లు దాటేచోట ఎప్పటిలాగే నవ్వొచ్చింది. అరవై రెండులో మేమిద్దరం మొదటిసారి గుర్తులు పెట్టినప్పుడు ఆ ఇంటి ముందు వంద గజాల్లో నేను పదకొండు సున్నాలు గీశాను. అప్పటి దారుల పెద్ద చూసి, "ఇక్కడ జనం అంతగా దారి తప్పుతారా?" అని అడిగాడు. అప్పుడు జోఫ్కా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తప్పింది నేనొక్కణ్ణే. తర్వాత పది సున్నాలు చెరిపించారు. పదకొండోది ఇప్పటికీ ఉంది.

పై మలుపు దగ్గర చుక్క పక్కన రాతి మీద సగం ఆపిల్ పండు కనిపించింది. సిరిల్ మరిచిపోయినట్టున్నాడు. తిన్నాను.

మే 21, గురువారం

మంచుచరియ దిగిన చోటికి వచ్చాను. సిరిల్ చుక్కలు ఎడమకి తిరిగాయి. ఎవర్నీ అడక్కుండానే! అక్కడే నిలబడి కాసేపు వాటిని చూశాను. తర్వాత కుడికి తిరిగి పొట్టేలు గట్టు మీద సున్నాలు గీసుకుంటూ పోయాను. మధ్యలో చుక్కల్లేవు, వట్టి సున్నాలే. నలభై ఒకటి. తెలుపు నా పని కాదు.

అటు నుంచే ఫనీక బసకి చేరాను. బార్లీ, చిక్కుడు గింజల పులుసు పోసింది.

"యెర్నెయ్ అన్నా, ఈ మధ్య ఎప్పుడొచ్చినా గట్టు వైపు నుంచే దిగుతున్నావేంటి?" అంది.

"పూల కోసం," అన్నాను.

"పూలు ఇంకా మంచు కింద ఉన్నాయిగా," అంది.

పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువ కాలేదు.

మే 28, గురువారం

పని మీద పోలేదు, కాళ్ళు ఊరికే ఉండక పోయాను. ఫనీక నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రా అన్నా, రా. నువ్వూ మీ బామ్మర్దీ చేసిన ఘనకార్యం విందువుగాని. మొన్న ఒక చెక్ జంట వచ్చింది. కాళ్ళకి చెప్పులు, ఇద్దరికీ. ఆ మంచుచరియ చోట మొగుడేమో తెల్ల చుక్కలే దారన్నాడట, పెళ్ళామేమో ఎర్ర సున్నాలే దారందట. పంతం పట్టి చెరో దారీ పట్టుకున్నారు. ఆయన పన్నెండింటికి వచ్చి రెండు గిన్నెలు పులుసు తాగి, నిద్ర కూడా పోయాడు. ఆవిడ రెండింటికి వచ్చింది."

"క్షేమంగానే వచ్చిందిగా?"

"వచ్చింది. వచ్చి నా గుమ్మంలో నిలబడి ఆయన్ని చెక్ భాషలో తిట్టింది. ప్రతి మాటా నాకు అర్థమైంది. కొన్ని నేర్చుకున్నాను కూడా. ఎవరి మీద వాడాలా అని చూస్తున్నా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఈ సంగతి బ్రెదా దాకా పోయిందట.

మే 31, ఆదివారం

బ్రెదా వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది. మూడేళ్ళుగా సంఘంలో దారుల పెద్ద. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కుంచె పట్టడం నేర్పింది నేనే. ఇప్పుడు నాకే గడువు పెట్టడానికి వచ్చింది. అప్పటికి సిరిల్ కూడా భోజనం బల్ల దగ్గరే ఉన్నాడు, కాబట్టి ఒకే అక్షింతలు ఇద్దరికీ సరిపోయాయి.

"చుక్కలు ఒక వైపు, సున్నాలు ఒక వైపు! ఈ దేశంలో ఎక్కడైనా విన్నారా మామయ్యా? దారి విషయం కమిటీ తేల్చేసింది. ఎడమకే. పిల్లి అరుగు మీదుగానే. జూన్ ఇరవై శనివారం నేనూ కమిటీవాళ్ళిద్దరూ నడిచొస్తాం. ఒకే దారి, నిండు గుర్తులు. లేకపోతే మీ ముక్కని అవతలి లోయ సంఘానికి ఇచ్చేస్తాం."

అవతలి లోయ వాళ్ళకా! వాళ్ళ సున్నాలు ఎప్పుడైనా చూసిందా ఈ పిల్ల? కోడి నడిచిపోయినట్టుంటాయి.

పోతూ పోతూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించింది. "మామయ్యా, ఏప్రిల్లో సిరిల్ మామ అన్నది... అరుగు మీదకి మీరు పోలేకపోతే నాకు చెప్పండి."

"పోలేకపోవడమేంటి?"

నియమం నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. తన ముక్క మొత్తం తన కాళ్ళ మీద నడవలేనివాడు కుంచె అప్పగించేయాలి. అది రాసింది ఎవరు? డెబ్బై నాలుగులో నేనే. అప్పుడు నాకు నలభై ఏడు. ఎవడో ముసలాయన కుంచె వదలడం లేదని రాశాను.

జూన్ 4, గురువారం

కింద నుంచి అరుగు మొదలు దాకా యాభై రెండు సున్నాలు, అన్నీ సిరిల్ చుక్కల చుట్టూ. అన్నీ గుండ్రం. అరుగు మీద ఉన్నది ఒకే ఒక్క చుక్క, సరిగ్గా మధ్యలో, పసుపు బండ మీద. అదొక్కటీ అయితే అయిపోయినట్టే.

రాయి తడిగా ఉంది. తిరిగొచ్చాను.

జూన్ 8, సోమవారం

గాలి.

జూన్ 11, గురువారం

రాయి పొడిగా ఉంది. గాలి లేదు. కుంచె మరిచిపోయాను.

అదే రోజు సాయంత్రం

కుంచె సంచిలోనే ఉంది. ఇంటికొచ్చాక చూశాను.

జూన్ 14, ఆదివారం

సంకటి, పుల్లటి పాలు. సిరిల్ నా వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశాడు. చేతుల్ని బల్ల కిందకి తీసేశాను.

"అరుగు మీద ఒకటి మిగిలిందటగా," అంది జోఫ్కా, ఎవరితోనో తెలియకుండా.

"రంగు చాలలేదు," అన్నాను.

డబ్బా నిండా ఉంది. గుమ్మం పక్కనే ఉంది. మూత లేదు.

జూన్ 18, గురువారం

ఇవాళ్టిది కాస్త పొడుగు. పొద్దున జోఫ్కా నా సంచిలో రొట్టె నాలుగు ముక్కలు పెట్టింది. నేను రెండే తింటానని ముప్ఫై అయిదేళ్ళుగా ఆమెకి తెలుసు. ఎందుకని అడిగితే, "కొండ గాలికి ఆకలేస్తుంది," అంది.

పది గంటలకి అరుగు మొదట్లోకి చేరాను. సిరిల్ అక్కడ కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని చాకుతో కర్ర చెక్కుతున్నాడు.

"ఆలస్యమైంది బావా," అన్నాడు. నేరుగా నాతోనే.

చుట్టూ చూశాను. ఎవరి చేతనైనా జవాబు చెప్పిద్దామంటే మనిషి లేడు. ఒక కొండమేక ఉంది, దూరంగా.

"గురువారం నాది," అన్నాను.

"నీదే. నేను కూర్చోడానికొచ్చా. రొట్టె తియ్యి."

"నీ రొట్టె ఏది?"

"నీ సంచిలో పెట్టానంది అక్క."

చెరి రెండు తిన్నాం. పంది కొవ్వు, ఉల్లిపాయ. అరుగు ఎదురుగా ఎండలో మెరుస్తోంది. ముప్ఫై అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, గోడకి ఇనప తాడు. ఆ తాడు బిగించింది మేమిద్దరమే.

"నేనిక అరుగు ఎక్కలేనని ఏప్రిల్లో అంతమందిలో ఎందుకన్నావురా?" అన్నాను.

"మనిద్దరమే ఉన్నప్పుడు ఆరుసార్లు చెప్పాను. ఆరుసార్లూ నువ్వు వాతావరణం మాట్లాడావు."

"ఆరోజు గాలి వేసింది మరి."

"బావా."

"సరే. వేయలేదు."

ఇప్పుడు రాస్తాను. పోయిన అక్టోబరులో పిల్లి అరుగు మీద నా కాలు జారలేదు. ఊళ్ళో అందరూ జారిందనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. కాలు జారితే మనిషికి పరువు పోదు. జరిగింది వేరు. పసుపు బండ దగ్గర కిందకి చూశాను. ముప్ఫై ఆరేళ్ళుగా చూస్తున్న లోయే. నేను దాన్ని చూడటం మామూలే. ఆరోజు అది నన్ను చూసింది. అంతే, చేతులు తాడుని పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోయాయి. వదలమంటే వదలవు. సిరిల్ వెనక నుంచి నా బెల్టు పట్టుకుని గంటసేపు తన పంది సంగతులు చెప్పాడు. అది బూట్లు నమలడం, పాస్టరు గారి తోటలో పడుకోవడం, ఈనినప్పుడు తొమ్మిది పిల్లల్ని పెట్టి పదోదానికోసం వెతుక్కోవడం. చివరికి నేనే అడిగాను, దాని పేరేం పెట్టావురా అని. "ఇవతలికి వస్తే చెప్తా," అన్నాడు. వచ్చాను. "బ్రెదా," అన్నాడు. నవ్వుతూ కూలబడ్డాను. నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఇది కూడా రాసేశాను, ఇంక ఏమీ మిగల్లేదు.

"నువ్వు పడిపోతే అక్కకి నేనేం చెప్పాలి? ఆదివారం ఏ మొహం పెట్టుకుని రావాలి?" అన్నాడు సిరిల్.

"అంటే నీ బాధంతా భోజనం గురించా?"

"సగం."

లేచాను. తాడు పట్టుకుని రెండడుగులు వేశాను. మూడోది కూడా వేశాననే అనుకున్నాను. చూస్తే మొదట్లోనే ఉన్నాను, వీపు గోడకి ఆనించి. సిరిల్ కర్ర చెక్కుతూనే ఉన్నాడు. వాడు ఏమన్నా అని ఉంటే ఇంకో నెల మాట్లాడకుండా ఉండేవాణ్ణి.

ఎర్ర డబ్బా తీసి వాడి చేతికిచ్చాను. కుంచె కూడా.

వాడు డబ్బాని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, చంటిపిల్లని చేతికిచ్చినట్టు. "నేనా?"

"మేకకి చేతులుంటే దానికిచ్చేవాణ్ణి. భుజం నుంచి తిప్పు. కింద మొదలుపెట్టు. ఊపిరి బిగబట్టు."

"ఎంతసేపు?"

"కలిసేదాకా!"

పోయాడు. అరుగు మీద వాడి నడక చూస్తే అసూయ వేసింది, వరండాలో నడిచినట్టు. పసుపు బండ దగ్గర వంగాడు. చాలాసేపు వంగాడు. మధ్యలో ఊపిరి తీసుకున్నాడు, ఇక్కడి నుంచే వినిపించింది. నాకు కనిపించేలా పక్కకి జరిగాడు.

"ఎలా ఉంది?" అని అరిచాడు.

"సున్నా గీయమన్నాను, బంగాళాదుంప కాదు!"

"దూరం నుంచి చూడు, బాగుంటుంది!"

"దూరం నుంచే చూస్తున్నా!"

చెరిపి మళ్ళీ గీయడానికి బూడిదరంగు డబ్బా లేదు. అలాగే వదిలేశాం. దిగేటప్పుడు సిరిలే అన్నాడు: "నువ్వే గీశావని చెప్దాం. గాలికి చెయ్యి కదిలిందందాం. చూసినవాడెవడు?"

బాగుందనిపించింది. కుంచె దక్కుతుంది, ముక్క దక్కుతుంది. ఏప్రిల్లో నిజం చెప్పి నాకు కోపం తెప్పించినవాడు జూన్‌లో అబద్ధం చెప్పి సమాధానపడుతున్నాడు. కాదనడానికి నేనెవణ్ణి?

జూన్ 19, శుక్రవారం

పొట్టేలు గట్టు మీద నా నలభై ఒక్క సున్నాలనీ బూడిదరంగుతో చెరిపేశాను. సిరిల్ తోడొచ్చాడు, డబ్బా మోశాడు. మొదటి పది చెరిపేటప్పుడు కాస్త బాధేసింది. తర్వాత సిరిల్ ఒక్కోదానికీ శ్రద్ధాంజలి చెప్పడం మొదలెట్టాడు. "ఇక్కడ నిద్రపోతున్నది ఒక సున్నా. బతికినంతకాలం ఎవరికీ దారి చూపలేదు." ఇరవయ్యోదాని దగ్గర పాస్టరు గొంతు పెట్టాడు. పని ఆలస్యమైంది.

ఊట దగ్గర ఆగాం. నీళ్ళు కప్పకి కూడా చాలవు. సముద్రం కనిపించలేదు.

జూన్ 20, శనివారం

ఎనిమిదింటికి బయల్దేరాం. బ్రెదా, కమిటీ నుంచి మందుల షాపాయన, అడవి శాఖ ఉద్యోగి ఒకాయన, మేమిద్దరం. బ్రెదా చేతిలో పుస్తకం. ఒక్కో గుర్తు దగ్గరా ఆగి టిక్కు పెట్టుకుంటోంది. మందుల షాపాయన ప్రతి మలుపులో "అబ్బా, ఏం సున్నా!" అంటున్నాడు. ఆయన దగ్గర ఇకమీదట దగ్గుమందు కూడా కొంటాను. యాభై రెండుకి యాభై రెండు టిక్కులు.

అరుగు మొదట్లో నేను ఆగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాను. వాళ్ళు నలుగురూ ముందుకెళ్ళారు. కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టాను. పసుపు బండ దగ్గర అందరూ ఆగిపోయారు. అరుగు మీద ఎంత మెల్లిగా మాట్లాడినా గోడ తగిలి మాట నా దాకా వస్తుంది. ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

"ఇదేంటి?" అంది బ్రెదా.

"గాలి వేసింది ఆరోజు," అన్నాడు సిరిల్. "బావ చెయ్యి కదిలింది."

"వయసు," అన్నాడు అడవి ఆయన.

"కళ్ళు కూడా అయ్యుండొచ్చు," అన్నాడు మందుల షాపాయన. "పాపం, కింద ఎంత బాగా గీశాడో."

బ్రెదా నిట్టూర్చింది. చిన్నపిల్లల పరీక్ష కాగితం దిద్దేటప్పుడు నిట్టూరుస్తారే, అలా. "పోనీలెండి. డెబ్బై ఒకటో ఏట ఇక్కడిదాకా వచ్చి ఇంతైనా గీశారు. గొప్పే," అంది. టిక్కు పెట్టడానికి పెన్ను ఎత్తింది.

టిక్కు పడితే అయిపోయేది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. బూటు తాడు నా చేతిలోనే ఉంది. కానీ గొప్పే అంది! ఆ బంగాళాదుంపని చూసి! నా చేత్తో గీసిందనుకుని జాలిపడి!

"అది నాది కాదు!" అని అరిచాను. లోయలో కాకులు లేచాయి.

బ్రెదా తిరిగి చూసింది. "ఏంటి మామయ్యా?"

"ఆ సున్నా నాది కాదన్నాను! నా చేతి సున్నా అలా ఉంటుందా? కింద యాభై రెండు చూశావుగా, ఒక్కటి చూపించు అలాంటిది! అది వాడిది! మధ్యలో ఊపిరి తీసుకున్నాడు!"

"బావా..." అన్నాడు సిరిల్.

"నువ్వుండరా! పెడితే చుక్కలు పెట్టుకో!"

"మరి ఇక్కడ మీరెందుకు గీయలేదు?" అంది బ్రెదా.

ఆ ప్రశ్న వస్తుందని అరిచేముందు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అరిచేవాణ్ణి కాదు. నలుగురూ నన్నే చూస్తున్నారు, పదిహేను అడుగుల అవతల నుంచి.

"ఎక్కలేదు కాబట్టి," అన్నాను. "ఎక్కలేను. అక్టోబరు నుంచి. కాలు కాదు, తల. రాసుకో. ఏమైనా రాసుకో, ఆ సున్నాని మాత్రం నా పేరు మీద రాయకు."

రాసుకుంది. పుస్తకం మూసింది. "ఫనీక బసలో కలుద్దాం మామయ్యా. మీరు గట్టు మీదుగా రండి, తొందరలేదు."

గంటన్నర ఒక్కణ్ణే నడిచాను, చెరిపేసిన నలభై ఒక్క బూడిద మచ్చల పక్కనుంచి. మొదట్లో సిగ్గేసింది. తర్వాత తీర్పు ఏం చెబుతారోనని భయమేసింది. సగం దారిలో ఈల వేస్తున్నానని తెలిసి ఆపేశాను. కుంచె పోబోతున్నవాడు ఈల వేయకూడదు. కాసేపటికి మళ్ళీ వేశాను.

బసలో నా పులుసు పొయ్యి మీదే ఉంచింది ఫనీక. చెక్ మాట ఒకటి నా మీద వాడి, గిన్నె ముందు పెట్టింది.

బ్రెదా పుస్తకం నా వైపు తిప్పింది. అందులో వేసిన దారి పటంలో మా ముక్కకి అడ్డంగా, అరుగు మొదట్లో, ఒక గీత ఉంది. "కింది ముక్క మీది. పై ముక్క సిరిల్ మామది. తన ముక్క మొత్తం తను నడవగలిగితే చాలని నియమం. అంత గట్టిగా రాసిందెవరో తెలుసుగా?"

"ఎవడో మూర్ఖుడు," అన్నాను.

"సంతకం మీదే."

సిరిల్ నా గిన్నెలోంచి మాంసం ముక్క తీసుకుని తిన్నాడు. అడగలేదు.

జూన్ 28, ఆదివారం

ఇవాళ బసలో వేసవి నడకల ప్రారంభోత్సవం. అకార్డియన్, అక్రోట్ల రొట్టె, పియర్ పళ్ళ సారా. ఫనీక నాతో రెండు పాటలకి ఆడింది. జోఫ్కా సిరిల్‌తో ఆడి, కాలు తొక్కాడని వాణ్ణి వదిలేసింది.

మధ్యాహ్నం సిరిలూ నేనూ కాస్త పక్కకొచ్చాం. పొద్దున గట్టు మీదుగా చుట్టి బసకొచ్చిన నేను అరుగుకి బస వైపు కొసన కూర్చున్నాను, వాడు అరుగు దాటి ఆ కొస నుంచి పనిలోకి దిగాడు. ఒక చేతిలో బూడిదరంగు, ఒక చేతిలో ఎరుపు, వీపు సంచిలో తెలుపు. బంగాళాదుంపని చెరిపాడు. ఆరేదాకా ఇద్దరం అటొకడూ ఇటొకడూ కూర్చుని వాడి పంది గురించి మాట్లాడుకున్నాం. ఆరాక మళ్ళీ తెల్ల చుక్క పెట్టి, అదీ ఆరాక కుంచె మార్చాడు.

"భుజం!" అని అరిచాను.

"భుజమే ఇది!"

"అది మోచెయ్యి! నాకు కనిపించదనుకున్నావా?"

దారిలో పోతున్న జర్మన్ పిల్లలు నలుగురు ఏమైందో అని ఆగారు. పని జరుగుతోందని సైగ చేశాను. వాళ్ళూ కూర్చున్నారు. సిరిల్ ఊపిరి బిగబట్టాడు. మేమందరం బిగబట్టాం.

ఇవాళ అది కోడిగుడ్డు దాకా వచ్చింది.